ఉత్తినే ఆడిన రెండేళ్లు

"నా భుజం పనైపోయిందని పేపర్లో రాయడానికి నువ్వెవడివయ్యా? అది చదివి నన్ను జట్టులోంచి తీసేశారు."

డెస్మండ్ పెద్ద లీగ్‌కి ఎదగాలన్న ఆశతో పదకొండేళ్లుగా బేస్‌బాల్ చిన్న లీగ్‌లో బంతులు విసురుతున్నాడు. మధ్యాహ్నం ఆట అవగానే విలేకరి వెండెల్‌ని లాకర్ల గదిలో నిలదీశాడు.

వెండెల్ విసుగ్గా నోట్‌బుక్ మూశాడు. ఒకప్పుడు అతనూ ఇదే జట్టులో బేస్‌బాల్ ఆడాడు. పెద్ద లీగ్ గడప మాత్రం తొక్కలేదు.

"ఉన్నదే రాశాను. నీ బంతిలో వేగం లేదు."

"నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసీ ఎందుకు పాకులాడుతున్నావు? నా మోకాలు పోయిందని అప్పట్లో అందరికీ తెలుసు. ఒక్కడూ నోరు విప్పలేదు. రెండేళ్లు ఉత్తినే ఆడించారు. నీకు అలా కాకూడదనే రాశాను."

డెస్మండ్ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ రెండేళ్లూ మైదానానికి రావడం నీకు కష్టంగా ఉండేదా?"

మోకాలికి కట్టు కట్టుకుని, అందరికంటే ముందొచ్చి, తడి గడ్డి మీద ఒంటరిగా పరిగెత్తిన ఉదయాలు వెండెల్‌కి గుర్తొచ్చాయి.

"లేదు," అన్నాడు చివరికి. "అంత సుఖంగా మళ్లీ ఎప్పుడూ లేను."

"మరి ఆ సుఖం నాకెందుకు లేకుండా చేశావు?"

డెస్మండ్ లేచి, లాకర్లోని బట్టలు సంచిలో కుక్కుకోసాగాడు.