చుక్కమ్మ దీవెన

రండర్రా పిల్లలూ, దగ్గరికి జరిగి కూర్చోండి.

సముద్రం అవతలి నుంచి వచ్చిన గిన్నెకోడి చుక్కమ్మ, ఒక పెరట్లో కోళ్ళతో కలిసి ఉండేది. ఊళ్ళో కోళ్ళకు తెగులు సోకిందని కాకి చెప్పిన రోజు నుంచీ, దాన్ని నీళ్ళ మూకుడు దగ్గరికి ఎవరూ రానివ్వలేదు.

“ఒళ్ళంతా మచ్చలే! తెగులు తెచ్చింది ఇదే,” అంది మంగతాయి అనే పెట్ట.

“మచ్చలు కావొదినా, పుట్టు చుక్కలు. మా అమ్మకీ ఉన్నాయి.”

“అయితే ఇంటిల్లిపాదికీ సోకిందన్నమాట!”

ఎండకి చుక్కమ్మ నాలుక పిడచగట్టుకుపోతోంది. అంతలో తవుడు తింటున్న పెద్దపుంజు ‘హాచ్’మని తుమ్మింది. పెట్టలన్నీ ఒక్క ఎగురు ఎగిరి గడ్డివాము ఎక్కేశాయి, అందరికంటే ముందు మంగతాయి! పుంజు బిక్కమొహం వేసింది.

చుక్కమ్మ మాత్రం కదల్లేదు. “నిండు నూరేళ్ళు, బావగారూ!” అంది.

పుంజు తెల్లబోయింది. “మీ దేశంలోనూ తుమ్మితే దీవిస్తారా?”

“దీవించక? పారిపోతారా ఏమిటి?”

గడ్డివాము మీద ముందు ఒక పెట్ట కిసుక్కుమంది, తర్వాత అన్నీ పకపకా నవ్వాయి. పుంజు తనే మూకుడు చుక్కమ్మ ముందుకు నెట్టింది. సిగ్గుపడుతూ దిగొచ్చిన మంగతాయి ముక్కులో గడ్డిపరక దూరి, అదీ తుమ్మింది.

“నూరేళ్ళు!” అంది పెరడంతా. అందరికంటే గట్టిగా అన్నది, తాగుతున్న మూకుడులోంచి తలెత్తి, ముక్కు నుంచి నీళ్ళు కారుతున్న చుక్కమ్మే.

ఇక లేవండి, ఇంటికెళ్ళి వేడివేడిగా అన్నం తినండి. దారిలో ఎవరైనా తుమ్మితే ఏమనాలో తెలుసుగా!