అడుగు పని

“తారు మాత్రం వద్దండి,” అన్నాడు సుబ్రహ్మణ్యం, గోతిలోకి వంగి.

మెకానిక్ బుల్లబ్బాయి చేతిలో లైటు పక్కన పెట్టి పైకి చూశాడు. అతని నెత్తి మీద, గోతికి అడ్డంగా పాత అంబాసిడర్ కారు నిలబడి ఉంది. తుప్పంతా గీకి, చిల్లులున్నచోట కొత్త రేకు అతికి, అడుగుభాగాన్ని నున్నగా సానపట్టాడు. ఇక మళ్ళీ తుప్పు పట్టకుండా అడుగున పూసే అండర్ కోటింగ్ ఒక్కటే మిగిలింది.

“తారు వద్దంటారేంటండి! ధవళేశ్వరం కాలవగట్ల మీద తిరిగే బళ్ళన్నిటికీ నేను పూసేది అదేనండి. బురద పట్టదు, రాయి ఎగిరి తగిలినా చెక్కుచెదరదు.”

“బురద సంగతి వదిలెయ్యండి. ఎండెక్కితే వాసన రాదూ?”

“వస్తే మాత్రం, లోపల కూర్చున్నోళ్ళకి ఏం తెలుస్తుందండి?”

“మా అమ్మ ఒప్పుకోదు.”

“ఒప్పుకోను,” అంది వెనక బల్ల మీద కూర్చున్న కనకవల్లమ్మ. “ఆయన అగరొత్తి వెలిగించందే తాళం తిప్పేవారు కాదు. ఆ బండికి తారు కంపా?”

ఆమె భర్త బతికినన్నాళ్ళూ రాజమండ్రి స్టేషన్ దగ్గర ఆ కారునే టాక్సీగా తిప్పాడు. ఆయన పోయాక అది పెరట్లో వానకు తడిసి, కింద నుంచి కుళ్ళిపోయింది. కొడుకు సుబ్రహ్మణ్యం టిఫిన్ హోటల్ పెట్టి నిలదొక్కుకున్నాక దాన్ని బాగుచేయిద్దామన్నాడు. తల్లి ఒక్కటే మాట అంది: మళ్ళీ తుప్పు పట్టేటట్టయితే ఇప్పుడే తూకానికి అమ్మెయ్యి, ఆయన బండి రెండోసారి కుళ్ళుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఆ మాట విన్న దగ్గర్నుంచి బుల్లబ్బాయికి పట్టుదల పెరిగింది. ఈ బండి తూకానికి పోకూడదు. ఇంత శుభ్రంగా అతను ఇంతవరకు ఏ కారు అడుగూ చెయ్యలేదు.

“పోనీ మైనం కలిపిన నూనె కొడదామండి. సందుసందులోకీ పాకుతుంది. అంతర్వేది ఉప్పుగాలి కూడా ఏమీ చెయ్యలేదు.”

“వేసంకాలంలో కరిగి చుక్కలు పడవూ?”

“పడితే కిందే గదండి పడేది!”

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఒక్క చుక్క పడినా మా పరువు పోతుందండి,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

బుల్లబ్బాయి నవ్వాడు. “వాకిట్లో ముగ్గు పాడవుద్దనా అమ్మగారూ?”

“ముగ్గయితే మళ్ళీ పెట్టుకుంటాను నాయనా.”

“అయితే రబ్బరు కోటింగేనండి. వాసనుండదు, కారదు. కాకపోతే దాని కింద తడి మిగిలిందంటే లోపల్లోపలే తినేస్తుంది. అందుకని ముందు ప్రైమరు కొట్టి, బాగా ఎండనిచ్చి, అప్పుడు కొడతాను. తుప్పొస్తే నా పేరు మార్చుకుంటానండి.”

“గరుగ్గా ఉంటుందేమో?” అన్నాడు సుబ్రహ్మణ్యం.

“కమలాపండు తొక్కలా ఉంటుందండి. రాళ్ళు తగిలే చోట గరుకే మంచిది.”

“రాళ్ళ భయం లేదు. నున్నగా కొట్టండి.”

“నలుపు వద్దు,” అంది కనకవల్లమ్మ. “మంచి పని మొదలెడుతున్నాం. లేత రంగేదైనా వెయ్యి.”

“కారు అరికాళ్ళకి పారాణి పెట్టమన్నట్టుందండి మీ వరస!”

“పారాణే అనుకో.”

“మరి ఇంజను కూడా విప్పి బాగుచెయ్యమంటారా?”

“దానికి తొందరేం లేదులెండి,” అన్నాడు సుబ్రహ్మణ్యం.

అప్పుడే పెయింటర్ పెద్దిరాజు టీ గ్లాసుతో వచ్చాడు. కారు పైన మెరిసే తెల్లరంగు అతని పనే. నిన్న దాని పక్కన నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాడు.

“ఏరా బుల్లబ్బాయ్, అడుక్కి అందమేంట్రా? నా రంగు ఊరంతా చూస్తుంది. నీ పని చూడ్డానికి గోతిలోకి ఎవడు దిగుతాడ్రా?”

బుల్లబ్బాయికి ఎప్పుడూ గుచ్చుకునేది అదే. ఎవరూ చూడని పని దేవుడు చూస్తాడని అతని తల్లి చెప్పేది. అతను నమ్మాడు కూడా. కానీ చూసినవాడు బాగుందని ఒక్కసారైనా చెప్పడేం?

“నీ రంగు నువ్వు చూసుకోవోయ్,” అన్నాడు పైకి. “చూసేవాడున్నా లేకపోయినా నా చెయ్యి ఒకలాగే తిరుగుద్ది.”

అన్నట్టే చేశాడు. ప్రైమరు ఆరేదాకా కారు దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. స్ప్రే గన్ను పట్టుకుని గోతిలో వెల్లకిలా వాలి, మూలమూలకీ కోటింగ్ కొట్టాడు. పొర ఎక్కడా ఎక్కువ కాలేదు, ఎక్కడా తక్కువ కాలేదు.

కోటింగ్ ఆరాక కనకవల్లమ్మ మళ్ళీ వచ్చింది. వద్దంటున్నా వినకుండా, కొడుకు చెయ్యి పట్టుకుని తనే గోతిలోకి దిగింది. తల ఎత్తి చాలాసేపు చూసింది. చేత్తో తడిమింది.

“అతుకెక్కడుందో తెలియడం లేదు నాయనా,” అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. “అమ్మొద్దురా. ఉంచేద్దాం.”

బుల్లబ్బాయి గట్టిగా ఊపిరి వదిలాడు. ఒక్క మనిషైనా గోతిలోకి దిగి చూసింది. చాలు అనుకున్నాడు.

“ఇంజను విప్పలేదు గదండి, మరి బండినెలా తీసుకెళ్తారు? తాడు కట్టి లాగడానికి లారీ వస్తుందా?”

“లారీ కాదండి, క్రేను.”

“క్రేనా?” అన్నాడు పెద్దిరాజు. “కారుకి క్రేనెందుకండీ?”

సుబ్రహ్మణ్యం బుల్లబ్బాయి భుజం మీద చెయ్యి వేశాడు.

“రెండు స్తంభాల మీదకెత్తి, మా కొత్త హోటల్ గుమ్మానికి పందిరిగా పెడుతున్నామండి.”