చివరగా వేసే పడవ

"అది తప్ప ఏదైనా పట్టుకెళ్ళండి," అన్నాడు చిత్రకారుడు.

"మాస్టారూ, పెద్ద పెద్ద సముద్రాలు మా గ్యాలరీలో బోలెడున్నాయి. నాకు కావలసింది ఈ జానెడు పడవ బొమ్మే. ఇదుంటేనే మీ పేరుతో ప్రదర్శన. సాయంత్రం బండితో వస్తాను," అని గ్యాలరీ ఆయన వెళ్ళిపోయాడు.

పాపం, ఎలా ఇస్తాడు? చేపలవేటకెళ్ళిన అన్న తిరిగి రాని రోజే అతను కుంచె అవతల పారేశాడు. "అన్నయ్య పడవ వేసిపెట్టరా, చూసుకుంటూ ఉంటాను" అని అమ్మే మళ్ళీ పట్టించింది. అప్పట్నుంచీ వారం వారం అదే బొమ్మలో పాత పడవ గీకేసి, ఒడ్డుకి వెంట్రుకవాసి దగ్గరగా కొత్తది వేస్తాడు. "పెద్దోడు దగ్గరికొస్తున్నాడురా" అంటుంది అమ్మ. ఆ ఆశే ఆవిడ ఊపిరి అనుకున్నాడు.

"ఇన్నేళ్ళకి గడప తొక్కిన అదృష్టాన్ని గెంటేస్తారా?" అంది భార్య. "అచ్చం అలాంటిదే ఇంకోటి వేసిపెట్టండి. అత్తయ్యకి చూపు ఎలాగూ మసకేగా."

మనసొప్పకపోయినా కూర్చున్నాడు. ముందు ఆకాశం, తర్వాత నీళ్ళు, ఆపైన నురగ. పడవ ఎప్పుడూ చివరనే. నురగ దగ్గరుండగానే వాకిట్లో హారన్ మోగింది. కంగారుగా అసలు బొమ్మ ఇచ్చి పంపేసి, పచ్చి బొమ్మని తీసుకెళ్ళి అమ్మ గదిలో మేకుకి తగిలించాడు.

అమ్మ గోడ పట్టుకుని వచ్చి, బొమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. అప్పుడు చూశాడతను. సముద్రం ఖాళీగా ఉంది. పడవ వెయ్యడమే మర్చిపోయాడు.

ఇన్నాళ్ళూ తేలనిచ్చిన అన్నని చేతులారా తనే ముంచేశాడు.

అమ్మ మెడ చాచి గాలి పీల్చింది. గదంతా పచ్చి రంగు వాసన.

"అబ్బ, ఎంత దగ్గరికొచ్చేశాడురా పెద్దోడు," అంది.

అతను కుర్చీ పక్కకి వచ్చి వంగాడు. "అమ్మా, నీకు... కనబడట్లేదా?"

ఆవిడ అతని చెయ్యి తడిమి పట్టుకుని, వేళ్ళకంటిన రంగుని నిమిరింది.

"కళ్ళు పోయి చాలా కాలమైంది నాన్నా. వాడిక రాడని మొదటిరోజే తెలుసు. ఇన్నాళ్ళూ నేను ఒడ్డుకి లాక్కొచ్చింది నిన్నేరా."