మూడో అంతస్తులో సహాయం

“ఇక్కడ కుదరదయ్యా. సంతకం సహాయ కేంద్రంలోనే పెట్టాలి. కేంద్రం పైన మూడో అంతస్తులో ఉంది,” అన్నాడు ఆఫీసరు, కాలేజీ వరండాలో నిలబడి టీ ఊదుకుంటూ.

సిపాయి ఆయన జేబు వంక చూశాడు. పెన్ను అక్కడే, కళ్లెదురుగా ఉంది. అర్జీ తన చేతిలో ఉంది. మధ్యలో జానెడు దూరం!

“ఒక్క సంతకం సార్. రేపటి పరీక్ష హాలు మూడో అంతస్తులో వేశారు. కింద గదిలో రాసుకోనివ్వమని అడుగుతున్నాను, అంతే. కాలు ఒరుసుకుపోయి పుండు పడింది. ఎక్కలేను.”

యుద్ధంలో అతనికి ఎడమ కాలు మోకాలి కింద నుంచి పోయింది. ఇప్పుడున్నది పెట్టుడు కాలు. పొద్దున కట్టు కడుతూ పెళ్లాం ముందే చెప్పింది, “ఇవాళ మెట్లెక్కావో, ఉన్న కాలు నేనే విరగ్గొడతా” అని. సైన్యంలో ఉద్యోగం వదిలాక మళ్లీ పుస్తకాలు పట్టిన మనిషి. క్లాసులో పిల్లలు ‘సిపాయి బాబాయ్’ అంటారు. రేపటి పరీక్ష పోతే ఏడాది చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

“నాకు మాత్రం జాలి లేదా? రూలు అలా ఉంది మరి. ముద్ర కూడా పైనే, నా బల్ల సొరుగులో ఉంది.”

“మాజీ సైనికుల సహాయ కేంద్రమని ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టించింది కదా సార్. మాలో సగం మందికి కాళ్లు సరిగ్గా లేవు. లిఫ్టు లేని చోట, తీసుకెళ్లి మూడో అంతస్తులో పెట్టడమేంటి?”

“కింద గది ఖాళీ లేదు. మార్చాలంటే పైనుంచి ఆర్డర్స్ రావాలి. నువ్వు ఎక్కుతూ ఉండు, నేను వెనకాలే వస్తా.”

ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు? మంచి కాలు ముందు వేసి, పెట్టుడు కాలు లాక్కుంటూ ఒక్కో మెట్టే ఎక్కాడు. అంతస్తు అంతస్తుకీ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. లోపల కట్టు తడిసినట్టు తెలుస్తూనే ఉంది. శత్రువు తన మీద కాల్పులు జరిపినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. వాడు శత్రువు, కాల్చడం వాడి పని. సహాయం చేస్తామని బోర్డు కట్టుకున్న వీళ్లకేం పోయేకాలం!

పైకి చేరేసరికి కేంద్రం తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల బల్ల లేదు, కుర్చీలు లేవు. గుమ్మం మీద బోర్డు కూడా లేదు. ఒకావిడ గది ఊడుస్తోంది.

“కేంద్రం ఏదమ్మా?”

“ఇప్పుడే కిందికి దించారన్నా, వెనక మెట్ల మీంచి. రాజధాని నుంచి ఎవరో పెద్దసారు చూడ్డానికొచ్చాడంట. మోకాళ్ల నొప్పులంట, మెట్లెక్కనన్నాడంట. అంతే! బల్లా బోర్డూ పూలకుండీతో సహా పట్టుకుపోయారు.”

“కింద గది ఖాళీ లేదన్నారే?”

“పెద్దోళ్లకి లేకపోడమేంటన్నా, భలేవాడివే!” అని చీపురు దులుపుకుంది.

సిపాయి వెనక మెట్ల దారి పట్టాడు. ఎక్కడం కంటే దిగడమే నరకం. పళ్లు బిగబట్టుకుని చివరి మలుపు దాకా వచ్చేసరికి కింద నుంచి కేకలు వినిపించాయి. “మెల్లగా, మెల్లగా, గోడకు తగుల్తుంది!” చూస్తే, బల్ల పైకి వస్తోంది. నలుగురు మోస్తున్నారు. బల్ల మీద బోర్డు, బోర్డు మీద పూలకుండీ. వెనకాలే రొప్పుతూ ఆఫీసరు.

“ఇదేంటి సార్?”

“పెద్దసారు ఫొటోలు దిగి వెళ్లిపోయారు. కేంద్రం మళ్లీ పైకే. నువ్వేంటి ఇక్కడున్నావ్? పద పైకి, సంతకం పెట్టేస్తా.”

సిపాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. మెట్టు మీద కూలబడ్డాడు. ప్యాంటు పైకి లాగి, పట్టీలు విప్పి, పెట్టుడు కాలు ఊడదీసి మెట్టుకు అడ్డంగా పెట్టాడు. కట్టు మీద ఎర్రటి మరక చూసి, మోసేవాళ్లు బల్లను మలుపులోనే దించేశారు.

“ఏంటీ వేషాలు? లే!”

“సంతకం కేంద్రంలోనే పెట్టాలన్నారు కదా సార్. బల్ల ఇదిగో. సొరుగులో ముద్ర ఉంది. బోర్డు ఉంది. మీరూ ఉన్నారు. ఇంకేం తక్కువైంది కేంద్రానికి?”

మోసేవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వి, దగ్గినట్టు నటించాడు. ఆఫీసరు ముఖం కందగడ్డలా అయింది. ముందు కాలు అడ్డం, పక్కన బల్ల అడ్డం. విసురుగా సొరుగు లాగి, అర్జీ మీద సంతకం గీకి, ముద్ర గుద్దాడు.

“అయిందిగా? ఇక దారి వదులు.”

సిపాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాలు చేతిలోకి తీసుకున్నాడు. అంతలో కింద మెట్ల మీద టకటకమని ఊతకర్రల చప్పుడు. పెద్దసారు పక్కన ఫొటోకు నిలబెట్టడానికి పిలిపించిన మాజీ సైనికులంతా ఒకరి భుజం ఒకరు పట్టుకుని పైకి వస్తున్నారు. ప్రతివాడి చేతిలోనూ ఒక అర్జీ.

“ఒరేయ్, రండిరా! కేంద్రం సగం దారిలోనే దొరికింది!” అని ముందున్నవాడు కేకేశాడు.

ఆఫీసరు వెనక్కి తిరిగి చూశాడు. కిందికి దిగే దారి కూడా మూసుకుపోయింది.

“లేవవయ్యా, దండం పెడతా!”

“అయ్యో, లేస్తాను సార్,” అంటూ సిపాయి పెట్టుడు కాలు మళ్లీ మెట్టుకు అడ్డంగా పెట్టాడు. “కాకపోతే, పైనుంచి ఆర్డర్స్ రావాలి.”