ఆగితే ఆగనీ

పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఆయన కంప్యూటర్ పాతది. హెచ్‌డీ వీడియో వేశారంటే చాలు, మొండికేసేది. అప్పుడు ఆయన సీపీయూ మీద రెండుసార్లు తట్టి, "నడు బంగారం" అని బతిమాలేవాడు.

ఆయన పోయాక ఆ పని భార్య మీద పడింది. ఒక రాత్రి అలాగే వీడియో ఆగింది. ఆమె చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. సీపీయూ మీద టక్, టక్‌మని చప్పుడైంది. వీడియో కదిలింది. ఆమె వెనక్కి తిరగలేదు. కంప్యూటర్ ఆపేసి పడుకుంది.

తెల్లారి తమ్ముడొచ్చాడు.

"బావ ఎప్పట్నుంచో అడుగుతూ వచ్చిన ర్యామ్ తెచ్చానక్కా. ఇది వేస్తే ఇంకెక్కడా ఆగదు!"

"వద్దురా. ఆగితే ఆగనీ," అంటూ ఆమె సీపీయూ మీద చెయ్యి వేసింది.

రాత్రే ఆపేసిన ఆ ఇనుప పెట్టె చల్లగా ఉంది. అరచెయ్యంత మేర మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.