శవం వేలికి ఉంగరం

"శవం వేలికి ఉంగరం ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

తెర మీద బొమ్మను కదలకుండా ఆపి అడిగాడు నైజెల్. థార్న్‌బెక్ ఊరి హాల్లో కూర్చున్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. బయట వాన. హీటరు ఎప్పటిలాగే పని చేయడం లేదు. ఎవరూ కోట్లు విప్పలేదు. ముందు వరసలో ఉన్న హిల్డా చేతి తొడుగులతోనే టీ కప్పు పట్టుకుని కూర్చుంది. ఆమె మాత్రం నవ్వలేదు.

అరవై ఏళ్ల కిందటి పోలీసు నాటకం అది. టీవీలో ఒక్కసారే వచ్చింది. ఆ టేపును ఎప్పుడో చెరిపేసి దాని మీద ఇంకేదో తీసుకున్నారు. ఇక లేదనుకున్న నాటకం పోయినేడు చర్చిలో పాత సామాన్లు అమ్ముతుంటే, తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఫిల్ము కాపీగా బయటపడింది. ఊరి పాత సినిమాల సంఘం దాన్ని కొని, బాగు చేయమని నైజెల్ చేతిలో పెట్టింది. అతను గీతలు తుడిచాడు, గరగర తీశాడు. ఇక మిగిలింది ఆ ఉంగరమే.

"ఇన్‌స్పెక్టరు శవం చెయ్యెత్తి చూపించి మరీ చెప్తాడు, ఉంగరం పోయింది, అది ఎవడి దగ్గరుంటే వాడే హంతకుడని. తర్వాత కానిస్టేబుల్ దుప్పటి కప్పుతాడు. స్ట్రెచర్ ఎత్తగానే చెయ్యి జారి బయటికొస్తుంది. చూడండి, ఉంగరం! కథంతా అక్కడే కూలిపోతోంది. కంప్యూటర్లో చెరిపెయ్యడం నాకు ఒక పూట పని."

"చెరిపెయ్యి" అన్నాడు వెనక వరసలోంచి సిరిల్. హిల్డా భర్త. బస్సు నడిపి రిటైరైన మనిషి. అతని బస్సులో ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు కూడా అతని గొంతు ఇలా ఉంటుందని ఆరోజే తెలుసుకున్నారు.

"వద్దు" అంది హిల్డా.

"తప్పు తప్పే కదే."

"అయితే ఏం? నీ తప్పులన్నీ చెరిపితే నువ్వెంత మిగులుతావో చూసుకో."

హాలంతా మళ్లీ నవ్వులు. సంఘం పెద్ద మిసెస్ పోలార్డ్ అల్లం కేకు పళ్లెం పక్కన పెట్టి, "అది కాదు హిల్డా, రేపు మనం అమ్మే డిస్కు కొన్నవాళ్లు మనల్ని చూసి నవ్వరూ? ఇన్నేళ్లకి దొరికిన నాటకం, శుభ్రంగా ఇద్దామమ్మా" అంది.

"నవ్వనివ్వండి. నవ్వితే ఎవరి సొమ్ము పోయింది?"

నైజెల్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. మంచి కుర్రాడే. గొంతు తగ్గించి చెప్పాడు.

"అసలు ఫిల్ము ఎలాగూ ఉంటుందిలే అనుకోకండమ్మా. డబ్బా మూత తీస్తే చిప్స్ మీద వెనిగర్ చల్లే కొట్టులా కంపు కొట్టింది, మీరూ చూశారుగా. అది కుళ్లిపోతోంది. ఇంకొన్నాళ్లకి పొడైపోతుంది. చివరికి మిగిలేది నేను చేసిందే."

"అంటే నువ్వు చెరిపావంటే ఇంకెక్కడా ఉండదు."

"ఉండదు."

హిల్డా కప్పు కింద పెట్టింది.

"ఇంకోసారి వెయ్యి బాబూ."

వేశాడు. కానిస్టేబుల్ వీపే కనిపిస్తోంది. టోపీ చెవుల దాకా దిగింది. దుప్పటి కప్పడానికి వంగాడు. అంత పనికి అంతసేపు అక్కర్లేదు. శవం ముఖం జుట్టు చాటున ఉంది. స్ట్రెచర్ లేచింది, చెయ్యి జారింది. సన్నటి ఉంగరం. మధ్యలో చిన్న రాయి, ఒక పక్కకి ఒరిగి. నైజెల్ బొమ్మను అక్కడే ఆపాడు.

"ఆ కానిస్టేబుల్ ఎవడో గానీ ఒట్టి గాడిద" అన్నాడు సిరిల్.

"గాడిదే" అంది హిల్డా, వెనక్కి తిరక్కుండా. "అందులో అనుమానం లేదు."

"పాపం, వాడి పని పోయే ఉంటుంది" అన్నాడు నైజెల్. "అప్పట్లో నాటకం ఆడుతుండగానే టీవీలో ఇళ్లకి వచ్చేసేది కదా. మళ్లీ తీద్దామంటే కుదరదు. దేశమంతా చూసేసింది."

"పోక ఏమవుతుంది" అన్నాడు సిరిల్.

మిసెస్ పోలార్డ్ ఇక చాలన్నట్టు చప్పట్లు కొట్టింది. "చెరపాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఒకటొకటిగా దాదాపు అన్ని చేతులూ లేచాయి. సిరిల్ చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది.

హిల్డా ఆ చేతుల వంక చూసింది. కళ్లల్లో నీళ్లు.

మిసెస్ పోలార్డ్ మనసు చివుక్కుమంది. "ఏడవకు హిల్డా. ఉంచాలంటే ఒక్క కారణం చెప్పు. చాలు, ఉంచేద్దాం."

"చెప్పొద్దే" అన్నాడు సిరిల్. చెవులు ఎర్రబడ్డాయి. "నా పరువు తియ్యకు."

హిల్డా లేచింది. మెల్లగా తెర దగ్గరికి నడిచి, ఎడమ చేతి తొడుగు లాగేసి, తెర మీది చేతి పక్కన తన చెయ్యి ఆనించింది. ముడతలు పడ్డ వేలు. సన్నటి ఉంగరం. ఒక పక్కకి ఒరిగిన చిన్న రాయి.

"నోరు తెరిచి అడగడం ఈ మనిషికి అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. దుప్పటి కప్పుతూ తొడిగేశాడు" అంది. "దేశమంతా చూస్తోంది, నేనేమో శవాన్ని. కాదనడానికి వీల్లేకపోయింది."