కరెంటు స్తంభం మీద మూడు దెబ్బలు

"ఫోన్‌ను మూడుసార్లు తట్టి సాయం పిలిచే పద్ధతికి విదేశంలో మా కంపెనీకి పేటెంటుంది. నువ్వు ఉచితంగా పంచినా దొంగతనమే. నువ్వు తయారుచేసిన ఆ యాప్ తీసెయ్యాలి," అంటూ కంపెనీ మనిషి శ్రీదేవి చేతిలో నోటీసు పెట్టాడు.

ఆమె తండ్రి కాశయ్య ముప్పై ఏళ్లు ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. వచ్చినవాడి కాలర్ పట్టి గోడకేసి కొట్టాడు. వాడి పెదవి చిట్లింది.

"దొంగ ఎవడ్రా? బాయిల కప్పు కూలినప్పుడు గొట్టం మీద మూడు దెబ్బలు గొట్టి బతికిన. నా బిడ్డకు గదే చెప్పిన."

"మాకంటే ముందే ఉందని రుజువేది? కాగితం చూపించండి."

కాశయ్య సుత్తె అందుకున్నాడు.

"వద్దు నాయినా!" అని అడ్డుపడిన శ్రీదేవిని నెట్టేసి, వాడిని వీధిలోకి ఈడ్చాడు. సుత్తె పైకి లేచింది. వాడు రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

దెబ్బలు కరెంటు స్తంభం మీద పడ్డాయి. ఒకటి, రెండు, మూడు.

కార్మికుల వాడలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. గడ్డపారలు, గొడ్డళ్లు పట్టుకుని ఒకప్పుడు బాయిలో పనిచేసిన ముసలివాళ్లు పరుగెత్తుకొచ్చారు. "నన్ను చంపకండి," అంటూ కంపెనీ మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

వాళ్లెవరూ అతని వైపు చూడలేదు. ముందొచ్చినాయన రొప్పుతూ కాశయ్య భుజం పట్టుకున్నాడు.

"కప్పు ఏడ కూలిందే కాశన్నా? లోపల ఎవలున్నరు?"

కాశయ్య సుత్తె వదిలేసి, నోటీసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ శ్రీదేవిని చూపించాడు.

"నా బిడ్డ."